సర్కారు పిడికిలి

నా ఎడమ చెయ్యి ప్రభుత్వానిది. కుడి చెయ్యి నాది. ఈ పంపకం ఎట్ల జరిగిందో చెప్తాను. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు. కలపాల్సినదంతా పైవాళ్ళే కలిపిపెట్టినారు.

మాది ఆడపిల్లల హాస్టలు. తొంభై మంది పిల్లలు. నేను వంటమనిషిని, పేరు ఓబులేసు. పొద్దున బొరుగుల ఉగ్గానో ఉప్మానో చేస్తాను. మధ్యాహ్నం బడిలో తింటారు. రాత్రికి అన్నం, పప్పు. సాయంత్రం అయిదు గంటలకు ఏం పెట్టాలనేది ఏ రూలులోనూ లేదు. ఆ గంటకు పిల్లలకు ఆకలి వేయదని రూలు రాసినాయన అనుకొని ఉంటాడు.

ఎనిమిదో తరగతిలో మారెక్క అని ఒక పిల్ల. చెయ్యి పట్టుకుంటే చీపురు పుల్ల పట్టుకున్నట్టు ఉంటుంది. ఒకరోజు పొద్దున ప్రార్థనలో నిలబడి నిలబడి అట్లే కూలింది. ఆసుపత్రి డాక్టరమ్మ వచ్చి కంటి రెప్ప కిందికి లాగి చూసి, వేలు గుచ్చి రక్తం తీసి చూసింది.

"రక్తం ఏడున్నరే ఉంది. పన్నెండన్నా ఉండాల. సాయంత్రం పూట వేసుకోను మాత్రలు ఇస్తా. ఉత్త కడుపున వేసుకోవద్దు పాపా."

"సాయంత్రం ఉత్త కడుపే ఉంటాది కదక్కా" అంది మారెక్క.

డాక్టరమ్మ నావైపు చూసింది. నేను స్టోరు రూము వైపు చూసినాను.

స్టోరులో రాగిపిండి ఉంది. బెల్లం ఉంది. శెనక్కాయలు ఉన్నాయి, నువ్వులు ఉన్నాయి. పిండి దోరగా వేయించినా. శెనక్కాయలు వేయించి కచ్చాపచ్చాగా దంచినా. బెల్లం తురిమి, నువ్వులు చల్లి, వేడినీళ్ళు చిలకరించి ముద్దలు పట్టినా. పిండి ముందే వేయించి డబ్బాలో పెట్టుకుంటే పది నిమిషాల పని. మా అమ్మ చేసేది. వాళ్ళ అమ్మ కూడా చేసి ఉంటుంది. ఎవరూ దానికి పేరు పెట్టలేదు.

పిల్లలు రోజూ అయిదు గంటలకు ముద్ద తిన్నారు. కడుపులో ఇంత పడినాక మారెక్కకు మాత్రలు కూడా నిలిచినాయి. మూడు నెలలకు డాక్టరమ్మ మళ్ళీ చూసింది. పదిన్నర.

డాక్టరమ్మ మంచిది. సంతోషపడింది. సంతోషపడి ఊరుకోకుండా, ఆ సంగతి కాగితం మీద రాసి పైకి పంపింది. అదొక్కటే ఆమె చేసిన తప్పు.

ఇరవై రోజులకు ఒక కారు వచ్చింది. జాయింట్ డైరెక్టరు భుజంగరావు దిగినాడు. మనిషి లావు, మాట ఇంకా లావు.

"ఏమయ్యా ఓబులేసూ, నువ్వు చేసింది ముద్ద కాదు. ఉద్యమం!" అన్నాడు.

నేను పొయ్యి మీద పప్పు చూసుకుంటున్నా.

"నేడు సమాజం బయటి తిండి మోజులో కొట్టుకొని పోతున్నది. నిత్యం ఇంట్లో ఉండే దినుసులతో, సరళమైన, ఆరోగ్యకరమైన, సత్వరమైన తీపి వంటకం! దీనిని రెండువందల హాస్టళ్ళలో ప్రవేశపెట్టుటకు ప్రభుత్వము సంకల్పించినది. పథకం పేరు 'ఇంటి తీపి, ఇట్టే తీపి.' పేరు నాదే. సరే, కొలతలు చెప్పు."

"ముగ్గురు పిల్లలకు పిడికెడు బెల్లం సార్. పిడికెడు శెనక్కాయలు. నువ్వులు చిటికెడు. పిండి చూసుకొని."

రాసుకుంటున్న ఆయన గుమాస్తా ఆగినాడు. "చూసుకొని అంటే?"

"చూసుకొని అంటే చూసుకొని."

"రాసుకో" అన్నాడు భుజంగరావు. "జానపద విజ్ఞానం."

సర్క్యులర్ వెళ్ళింది. వార్డెన్ సరళాబాయి నాకు చదివి వినిపించింది. 'బెల్లము: పిడికెడు. వేరుశనగలు: పిడికెడు. పిండి: చూసుకొనవలెను.' రెండువందల హాస్టళ్ళలో వంటవాళ్ళు ఉన్నారు. వాళ్ళకూ పిడికిళ్ళు ఉన్నాయి. వాళ్ళు ఇట్లాంటివి పుట్టినప్పటినుంచి చేస్తున్నారు. సర్క్యులర్ రాకుండా ఉంటే ఇంకా చేస్తూనే ఉండేవాళ్ళు. వచ్చింది కాబట్టి చెయ్యి ఆపి ప్రశ్నలు రాసినారు. పిడికెడు అంటే ఆడవాళ్ళదా, మగవాళ్ళదా? వేలికి ఉంగరం ఉంటే ఎట్ల? ఒక హాస్టల్లో పిండిని చూసుకొనడానికి ముగ్గురితో కమిటీ వేసినారు. ముగ్గురూ చూసి సంతకాలు పెట్టేలోపల అది అడుగంటింది. అడుగంటడాన్ని చూసుకున్నట్టు కూడా సంతకాలు పెట్టినారు.

చివరికి ఆడిట్టు నుంచి ఒకే ఒక ప్రశ్న వచ్చింది. 'పిడికెడు అనగా ఎవరిది?'

ఆ కాగితం పట్టుకొని భుజంగరావు మళ్ళీ వచ్చినాడు. సరళాబాయి భయస్తురాలే, అయినా ఆ రోజు నోరు తెరిచింది.

"సార్, బెల్లాన్ని తక్కెట్లో వేసి గ్రాముల్లో రాస్తే సరిపోతుంది కదా సార్?"

భుజంగరావు ఆమెను జాలిగా చూసినాడు. "ఏమమ్మా, మీ ఇంట్లో బెల్లం తూచి వేస్తారా?"

"లేదు సార్."

"తూచితే అది ఇంటి వంట ఎట్లవుతుంది? హోటలు వంట అవుతుంది. పథకం పేరులోనే ఇల్లు ఉన్నది. కనుక పిడికిలే ఉండాలి. అయితే రాష్ట్రమంతటా ఒకటే పిడికిలి ఉండాలి. రక్తం పెంచిన పిడికిలి ఎవరిదో రికార్డులో ఉన్నది."

అందరూ నా చేతులు చూసినారు. నేను గరిటె కింద పెట్టినా.

కొలతల కమిటీ అని నలుగురు వచ్చినారు. టేపులు, తక్కెడ, సుద్ద కలిపిన బకెట్టు, రకరకాల ఇనుప సామాను తెచ్చినారు. టేబులు మీద తెల్లగుడ్డ పరిచినారు.

"చెయ్యి ఇయ్యి" అన్నాడు గుమాస్తా. అని, నా ఎడమ చెయ్యి పట్టుకొని లాగినాడు.

వాని తప్పు కాదు. ముప్పై ఏళ్ళుగా ప్రభుత్వానికి నా దగ్గర ఏం కావాలన్నా ఎడమ చెయ్యే పట్టుకొని లాగుతుంది. ఎడమ బొటనవేలు సిరాలో ముంచి ఒత్తడం దానికి అలవాటు. నేను మూడో తరగతి దాకా చదివినాను. సంతకం వస్తుంది. నీకు సంతకం వచ్చునా అని ఈ ముప్పై ఏళ్ళలో ఎవరూ అడగలేదు. అడగని మాట చెప్పే అలవాటు నాకు లేదు. అయినా ఆ రోజు చెప్పబోయినా.

"సార్, బెల్లం తీసేది ఈ..."

"మాట్లాడొద్దు. మాట్లాడితే పిడికిలి కదులుతుంది."

ఆ చేతి రెండు వేళ్ళు నాకు సరిగా ముడవవు. ఎప్పుడో సాంబారు డేగిసా జారి కాలినాయి. ఆ వేళ్ళ సందులోంచి బెల్లం రాలుతూనే ఉంది. ఏడుసార్లు బెల్లం పట్టించినారు, ఏడుసార్లు తూచినారు, ఏడు అంకెలు కలిపి ఏడుతో భాగించినారు. తర్వాత పిడికిలి మూయించి సుద్దలో ముంచి అచ్చు తీసినారు. రెండువందల ఇత్తడి పిడికిళ్ళు పోత పోయిస్తారంట.

అంతా అయినాక లేవబోతే కమిటీ పెద్దాయన కూర్చోమన్నాడు. ఒక కాగితం తీసి చదివినాడు.

"ప్రమాణ సాధనమును నిత్య వినియోగమునందు ఉంచరాదు. వేడి, తడి, జిడ్డు తగలరాదు. ఇది నిబంధన. తూకాల ఆఫీసులో అసలు రాయిని పెట్టెలో పెట్టి తాళం వేస్తారు, దానితో బియ్యం తూచరు. అరిగిపోతుంది కదా. అదేవిధముగా..."

అదేవిధముగా నా ఎడమ చేతికి తెల్లగుడ్డ సంచి తొడిగినారు. మణికట్టు దగ్గర తీగ చుట్టి సీసం సీలు నొక్కినారు.

"సార్, ఈ చేతికి పొద్దున్నే వేరే పని ఉంటాది" అన్నాను.

"ఇకమీదట దీనికి వేరే పని లేదు" అన్నాడాయన గంభీరంగా.

గుమాస్తాకు అర్థమైంది. దగ్గు వచ్చినట్టు బయటికి పోయినాడు. అప్పటినుంచి నా పొద్దులు ఎట్ల గడిచినాయో నేను రాయను.

"మరి ఈ చెయ్యో?" అని కుడి చెయ్యి చూపించినా.

పెద్దాయన రిజిస్టరు అటూ ఇటూ తిప్పినాడు. "ఆ చెయ్యి రికార్డులో లేదు. రికార్డులో లేని చేత్తో తీపి కొలిస్తే అది అనధికార పిడికిలి. ఇత్తడివి వచ్చేంతవరకు ముద్దలు నిలుపుదల చేయడమైనది."

ఆ సాయంత్రం అయిదు గంటలకు తొంభై మంది పిల్లలు పళ్ళేలు పట్టుకొని వరుసలో నిలబడినారు. ముందు మారెక్క.

"ముద్ద ఏది తాతా?"

సంచి చూపించినా.

"దెబ్బ తగిలిందా?"

"లేదు. ప్రభుత్వం తగిలింది."

పిల్లలకు ఏమీ పెట్టకుండా ఊరుకున్నారని నేను అనను. పెట్టినారు. 'తాత్కాలిక సులభ తీపి' అని పట్నంలో ఒక నిపుణురాలు తయారుచేసిన కాగితం వచ్చింది. అయిదే అయిదు దినుసులు, ప్రతి ఇంట్లో ఉండేవే, అని పైన రాసి ఉంది. కింద ఉండేవి ఇవి: ఓట్సు, చియా గింజలు, బాదం పాలు, బటర్ ఫ్రూట్, అడవి తేనె. ఆమె ఏ ఇంట్లో ఉంటుందో నాకు తెలియదు.

సరళాబాయి ఊళ్ళో నాలుగు అంగళ్ళు తిరిగింది. "చియానా? అది ఏ ఊరి పంట మేడం?" అన్నారంట. ఆఖరుకు జిల్లా ఆఫీసే ఒక పెట్టె పంపింది. చేసే విధానం తేలికే. అన్నీ కలిపి ఒక పూట ఫ్రిజ్జులో పెట్టాల. మా ఫ్రిజ్జులో హాజరు పట్టీలు ఉంటాయి. కరెంటు ఉండదు కాబట్టి చెద పట్టని బీరువాగా బాగా పనికొచ్చింది. పట్టీలు తీసి గిన్నెలు పెట్టినాం. కరెంటు రాలేదు. తెల్లారి తలుపు తీస్తే వాసనకు సరళాబాయి రెండడుగులు వెనక్కి వేసింది.

మరుసటి వారం దాన్ని గదిలోనే పెట్టి, చెడిపోకముందే వడ్డించినాము. మారెక్క పళ్ళెం వంచి చూసింది. అది మెల్లిగా జారింది.

"తాతా, ఇవి కప్ప గుడ్లు."

"కాదమ్మా. ఆరోగ్యం."

"నువ్వు తింటావా?"

నేను పళ్ళెం తీసుకొని వెనక్కి పోయినా. మా హాస్టలు వెనక కుక్క ఒకటి ఉంది, ఏది వేసినా తింటుంది. అది వాసన చూసి మొహం తిప్పుకొని పోయింది. తినబడినదని రిజిస్టర్లో ఎక్కించినారు.

నాలుగు నెలలు అట్లే పోయినాయి. నడుమ చిటికెడు మీద కూడా ఒక ఉపసంఘం వేసినారు. చిటికె కొలవాలంటే బొటనవేలు, చూపుడువేలు కావాల. అవి సంచిలో ఉన్నాయి. సంచి విప్పేదానికి వాళ్ళకు అధికారం లేదు. అందుకని వాళ్ళు సంచిని చూసి, టీ తాగి పోయినారు. చిటికెడు తేలేదాకా ఉగ్గానిలో పసుపు కూడా వేయొద్దన్నారు. పిల్లలు తెల్ల ఉగ్గాని తిన్నారు.

మారెక్క మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకోవడం మొదలుపెట్టింది. నేను సరళాబాయికి చెప్పినా.

"ఆ పిల్లను డాక్టరమ్మకు చూపించాల."

"ఎట్ల ఓబులేసన్నా? ఆ పిల్ల రక్తం పదిన్నర అని పెద్ద ఫ్లెక్సీ కొట్టించినారు. రెండువందల హాస్టళ్ళలో ఆ పిల్ల ఫోటోనే. ఇప్పుడు చూపించి ఇంకో అంకె వస్తే ఫ్లెక్సీ ఏం కావాల?"

అని చెప్పి ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆమె చెడ్డది కాదు. ఉద్యోగం.

ఇత్తడి పిడికిళ్ళు వచ్చినాయి. మొదటిదాన్ని మా హాస్టల్లోనే ఆవిష్కరిస్తామన్నారు. సభ నాలుగు గంటలకు. పిల్లల్ని రెండు గంటల నుంచే ఎండలో వరుసగా నిలబెట్టినారు. మారెక్క చేతికి హారతి పళ్ళెం ఇచ్చి అందరికంటే ముందు నిలబెట్టినారు. వెనక ఫ్లెక్సీలో ఆ పిల్లే నవ్వుతుంది, పక్కన పదిన్నర. నన్ను వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టి, సంచి చెయ్యి ఒక దిండు మీద పెట్టించినారు.

భుజంగరావు ఎర్ర గుడ్డ లాగినాడు. ఇత్తడి పిడికిలి తళతళా మెరిసింది. చప్పట్లు కొట్టినారు.

"ఇది చరిత్ర" అన్నాడు భుజంగరావు. "ఇప్పుడు వంటమనిషి దీనితో బెల్లం కొలిచి చూపును."

బెల్లం గిన్నె తెచ్చినారు. అప్పుడు అందరికీ ఒక విషయం కనబడింది. మూసిన పిడికిలికి పోసిన పోత. లోపల సందు లేదు. అందులో బెల్లం కాదు కదా, నువ్వు గింజ కూడా పట్టదు.

వేదిక మీద గుసగుసలు. కొలతల కమిటీ పెద్దాయన లేచి గొంతు సవరించుకున్నాడు. "ఇందులో ఆందోళనకు తావు లేదు. ఇత్తడి పిడికిలిని ప్రక్కన ఉంచుకొని, బెల్లము దానంత ఉన్నదా లేదా అని..." ఆగినాడు.

"అని?" అన్నాడు భుజంగరావు.

"చూసుకొనవలెను."

పిల్లలు కిసుక్కుమన్నారు. మారెక్క పళ్ళెం పట్టుకొని ముందుకు వంగి ఇత్తడిని తేరిపార చూసింది.

"సార్, ఇది ఎడమ చెయ్యి."

పెద్దాయన కూడా వంగి చూసినాడు.

"బొటనవేలు చూడండి సార్. ఎడమ చేత్తో ఎవురన్నా తీపి పెడతారా?"

ఈసారి తొంభై మందీ నవ్వినారు. వంటసాయానికి వచ్చిన ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. భుజంగరావు ఇత్తడి చూసినాడు, నా సంచి చూసినాడు, గుమాస్తాను చూసినాడు. గుమాస్తా ఆకాశం చూసినాడు.

ఆయన అట్లాంటి వాటికి బెదిరే మనిషి కాదు. మైకు సర్దుకున్నాడు.

"ప్రభుత్వ దృష్టిలో కుడి ఎడమల భేదము లేదు! ప్రమాణము ప్రమాణమే. రెండువందల పిడికిళ్ళు పోత పోసినాము. రెండువందల పిడికిళ్ళు తప్పు కాజాలవు. ఏదేని తప్పు ఉన్నచో అది అలవాటులో ఉన్నది. కనుక నేటి నుండి ఈ శాఖకు సంబంధించినంతవరకు ఈ చేతినే కుడి చేతిగా పరిగణించవలెను. భోజనము కుడి చేతితో చేయవలెనని హాస్టలు నియమావళిలో స్పష్టముగా ఉన్నది. అందుచేత విద్యార్థినులు రేపటి నుండి..."

ఆ మాట ముగియలేదు. హారతి పళ్ళెం గణగణమని దొర్లింది. ఫ్లెక్సీ కింద మారెక్క పడి ఉంది.

ఆడవాళ్ళు పరుగెత్తినారు. పిల్లలు ఏడ్చినారు. భుజంగరావు మైకు వదల్లేదు.

"ఎవరూ కంగారుపడవద్దు! ఈ అమ్మాయికి రక్తం పదిన్నర. పడిపోయే అవకాశం లేదు. బోర్డు మీద ఉన్నది చూడండి!"

పిల్ల లేవలేదు. బోర్డు మీద పిల్ల నవ్వుతూనే ఉంది.

"నీడకు మోయండి. కాళ్ళు ఎత్తి పెట్టండి. డాక్టరమ్మను పిలవండి" అని కేక వేసినా. నేను కేక వేయడం సరళాబాయి అప్పుడే మొదటిసారి విన్నదంట. దిండు మీది నుంచి చెయ్యి తీసి వంటింట్లోకి పోయినా.

వేయించిన పిండి డబ్బాలో ఉంది. నాలుగు నెలల్లో ఎన్నిసార్లు పారబోసి ఎన్నిసార్లు కొత్తది వేయించి పెట్టినానో నాకే తెలియదు. ఎందుకు వేయించినానంటే అలవాటు. శెనక్కాయలు సంచి చేత్తో అదిమిపట్టి కుడి చేత్తో దంచినా. సంచికి నూనె అంటింది. సీలు మీద బెల్లం పడింది. కుడి పిడికిలితో బెల్లం తీసినా. నా పిడికిలి అది, దానికి దాని లెక్క తెలుసు.

బయటికి వచ్చేసరికి మారెక్క కళ్ళు తెరిచి గోడకు ఆనుకొని ఉంది. నీళ్ళు తాగించినారు. ముద్ద నోటికి అందించినా. మెల్లిగా నమిలింది. మిగతా పిల్లలు నా చేతిలోని గిన్నెనే చూస్తున్నారు.

భుజంగరావు వేదిక దిగి వచ్చినాడు.

"ఏమయ్యా! అది ఏ చెయ్యి?"

"నాది సార్."

"రికార్డులో ఉన్నదా?"

"లేదు సార్. అందుకే పని చేస్తుంది."

నేను జీవితంలో అధికారితో మాట్లాడిన పెద్ద మాట అదే. ఆయన మొహం ఎర్రబడింది. అక్కడే మెమో రాయించి నాకు ఇచ్చినాడు. అనధికార పిడికిలితో వండుట. ప్రమాణ సాధనమునకు జిడ్డు తగిలించుట. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను, లేనిచో ఉద్యోగము నుండి తొలగించబడును. నేను మెమో మడిచి జేబులో పెట్టుకొని మిగతా ఎనభైతొమ్మిది మందికి ముద్దలు పట్టడానికి లోపలికి పోయినా.

డాక్టరమ్మ వచ్చి రక్తం చూసింది. ఎనిమిది. ఆమె ఫ్లెక్సీ వైపు చూసి పళ్ళు కొరికింది. మారెక్కను వారం రోజులు ఆసుపత్రిలో పెట్టుకుంది. సాయంత్రం అయిదు గంటలకు ముద్ద తీసుకొని నేను పోయేవాణ్ణి.

సంజాయిషీ నేనే రాసినా. మూడు మాటలు. 'పిల్ల పడింది. పెట్టినా.' కింద సంతకం చేసినా, ఓబులేసు అని, కొమ్ములతో సహా.

అది తిరిగి వచ్చింది. నేను రికార్డుల్లో వేలిముద్ర మనిషినంట. సంతకం చెల్లదు, ఎడమ బొటనవేలి ముద్ర వేయాల. బొటనవేలు సంచిలో ఉంది. సంచి విప్పాలంటే సాధనము ఎవరి స్వాధీనములో ఉన్నదో వారి సమ్మతి పత్రం కావాల. అది నా స్వాధీనంలో ఉంది. సమ్మతి పత్రం మీద నా వేలిముద్ర ఉండాల.

సరళాబాయి ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. ఎన్నడూ నవ్వని మనిషి చిన్నగా నవ్వింది.

"ఓబులేసన్నా, ఇది ఈ జన్మలో తెగదు. ఇంకో మాట చూడు. తేలేదాకా యథాతథ స్థితి కొనసాగించవలెను అని రాసినారు."

"అంటే?"

"మెమో ఇచ్చిన గంటకు నువ్వు ఏం చేస్తున్నావ్?"

"ముద్దలు."

"అదే యథాతథ స్థితి. చెయ్యి."

చేస్తున్నా. ఫైలు పైన తిరుగుతుంది. ఇత్తడి పిడికిళ్ళు రెండువందల హాస్టళ్ళలో కాగితాలు ఎగిరిపోకుండా బరువుకు పనికొస్తున్నాయంట. మాది తలుపుకు అడ్డం పెట్టుకున్నాం. నా సంచి నల్లబడింది. ఆరు నెలలకొకసారి ఒకాయన వచ్చి సీలు ఉందా లేదా చూసి పోతాడు. లోపల చెయ్యి ఉందా అని ఇంతవరకు అడగలేదు.

నిన్న డాక్టరమ్మ వచ్చి మారెక్కకు రక్తం చూసింది. పదకొండున్నర. ఆమె మొహం వెలిగిపోయింది. "ఓబులేసూ, ఇది పైకి తెలియాలయ్యా" అని తన బ్యాగులోంచి కాగితం తీసి, పెన్ను మూత తీసింది.

నేను ఆమె చేతిలోంచి పెన్ను తీసుకొని ముద్ద పెట్టినా.

"రాయొద్దమ్మా" అన్నా. "తిను."